మూతల పెళ్లి, మూడో ఏడు

గణపతిరావు తాత చొక్కా జేబులో కళ్లజోడు ఉన్నా లేకపోయినా వెర్నియర్ మాత్రం ఉంటుంది. మిల్లీమీటరును యాభై ముక్కలు చేసి చూపించే ఉక్కు కొలత అది. తాత చెరకు మిల్లులో ముప్పై నాలుగేళ్లు లేతు మీద ఇనప షాఫ్టులు చెక్కి రిటైరయ్యాడు. తోటివాళ్లు శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజే ముళ్లు రెండూ కొలిచి, వాటి పొడవు పాళ్లు సరిగా లేవని తేల్చాడు. ఆ తర్వాత ఇంట్లో కొలవడానికి మిగిలినవన్నీ కొలిచాడు. మనవల ఎత్తు తలుపు మీద మిల్లీమీటర్లలో గీశాడు. ఒకరోజు పెసరట్టు మందం అంచున ఒకలా, నడుమ ఒకలా ఉందని నాయనమ్మకు కంచంలోనే కొలిచి చూపించాడు.

“అట్టు మందం కొలిసినోలికి అట్టు రుసి తెలవదండీ,” అని నాయనమ్మ చిన్నతల్లి ఆ అట్టు తీసి మనవడి కంచంలో వేసేసింది. “అంత ఊసుపోకపోతే నాకో పప్పుగుత్తి సేసి పెట్టరాదా? ఉన్నది అరిగిపోయి గరిటెలాగయిపోయింది.”

“చూద్దాం,” అన్నాడు తాత.

ఆ “చూద్దాం” అన్నమాటకు ఈ దసరాతో మూడేళ్లు నిండాయి. పప్పుగుత్తి రాలేదు గాని, ఈ మూడేళ్లలో తాత చేతికింద కుంకుమ భరిణలు మాత్రం నలభై దాకా పుట్టి, అందులో ముప్పై ఏడు పొయ్యిలోకి పోయాయి. ఎందుకలా జరిగిందో తెలియాలంటే బెల్లం షెడ్డు దగ్గరికి వెళ్లాలి.

చోడవరం శివార్లో ఒకప్పుడు బెల్లం వండిన రేకుల షెడ్డు ఒకటుంది. ఇప్పుడక్కడ ఆదివారాలు పదకొండుమంది కర్రతిప్పేవాళ్లు చేరతారు. కర్రముక్కను లేతుకు బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి బొంగరాలు, భరిణలు, మంచం కోళ్లు తీయడం వాళ్ల సరదా. అందరికీ వేరే పనులున్నాయి. ఒకాయన బస్సు డిపోలో మెకానిక్కు, ఒకాయన డ్రాయింగు మాస్టారు, రావికమతం నుంచి బండి మీద వచ్చే కొండబాబు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. వీళ్లందరికీ పెద్ద మంగాయమ్మ. డెబ్భై ఎనిమిదేళ్లు. లక్కబొమ్మలు చేసే ఇంట్లో పుట్టి, కరెంటు లేని రోజుల్లోనే తాడు లాగి తిప్పే తరిమెన మీద పని నేర్చింది. ఆ పాత తరిమెన ఇప్పటికీ షెడ్డులో ఒక మూల ఉంది.

రిటైరైన కొత్తలో తాత కూరలకని సంచి పట్టుకుని పోతూ ఆ షెడ్డు ముందు ఆగిపోయాడు. లోపల లేతు తిరుగుతోంది గాని బేరింగు ఏడుస్తోంది. ముప్పై నాలుగేళ్ల చెవి ఊరుకోలేదు. లోపలికి వెళ్లి, ఎవరినీ అడక్కుండా మోటారు ఆపి, అరగంటలో బేరింగు సరిచేశాడు. వాళ్లు టీ ఇచ్చారు. టీ తాగుతుంటే మంగాయమ్మ ఉలి కిందనుంచి చెక్కపొట్టు రిబ్బనులా సాగి వచ్చి తాత చెప్పుల మీద పడింది. ఇనప పొట్టయితే చెయ్యి కాలుతుంది. ఇది చల్లగా, పచ్చివాసనతో ఉంది. తాత దాన్ని చుట్టచుట్టి వెర్నియర్ పక్కన జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికి కూరలు రాలేదు.

మర్నాటి నుంచి తాత ఆ షెడ్డు మనిషి అయిపోయాడు. లేతులకు గ్రీసు, ఉలులకు సాన, మోటార్లకు వైండింగు, అన్నీ తాతే. అందరూ “లేతు డాక్టరు” అనేవారు. కాని షెడ్డు గోడకు పదకొండు చిలక్కొయ్యలున్నాయి. మంగాయమ్మ స్వయంగా తిప్పి, లక్క పట్టించి, గోడకు దిగ్గొట్టిన కొయ్యలవి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు కాల్చి ఉంటుంది. ఎవరి ఉలుల సంచి వాళ్ల కొయ్యకు వేలాడుతుంది. తాత సంచి మాత్రం కింద, చెక్కపొట్టులో, పిల్లి పక్కన ఉంటుంది.

కొయ్య అడిగితే ఇచ్చేది కాదు. మూతల పెళ్లిలో గెలవాలి.

దసరా నవమినాడు ఆయుధపూజ అయ్యాక జరిగే ఆట అది. ఎవరి భరిణ వాళ్లు తెచ్చి బల్లమీద పరిచిన పసుపుబట్టపై వరసగా పెడతారు. మూతలన్నీ తీసి వెదురుబుట్టలో కలిపేసి పైన తువ్వాలు కప్పుతారు. ఒక్కొక్కరూ తువ్వాలు కిందికి చెయ్యి పెట్టి, చూడకుండా, చేత్తో తడిమి తమ మూతను పట్టుకోవాలి. దాన్ని పెట్టెకు పెట్టి, మూత పట్టుకునే పైకెత్తాలి. పెట్టె మూతను వదలకుండా గాల్లో వేలాడాలి. మంగాయమ్మ మూడు దాకా లెక్కపెడుతుంది. తర్వాత చిన్నగా మెలిపెడితే ‘టప్’మని ఊడిరావాలి. లెక్కలోపల ఊడినా తప్పే, ఆ తర్వాత ఊడకపోయినా తప్పే.

తాత వెళ్లకముందు ఒక ఏడు ఈ ఆట పెద్ద గొడవైంది. ఒకాయన తన బదులు బావమరిదితో మూత తీయించి కొయ్య తనకే కావాలన్నాడు. ఆ గొడవ విన్న తాత, రూళ్లు రాసి గోడకు పెడితే ఏ గొడవా ఉండదన్నాడు. తనే రేకుముక్క తెచ్చి, అక్షరాల ఎత్తు కొలిచి, నీలిరంగుతో అయిదు రూళ్లు రాశాడు. మూడోది ఇది: ‘బుట్టలోంచి మూత తీసి పెట్టెకు కలిపిన చేతికే చిలక్కొయ్య.’ నాలుగోది: ‘ఒక పెట్టెతో ఒక చేతికి ఒకే అవకాశం.’ అందరూ మెచ్చుకున్నారు. తాత వెనక్కి నాలుగడుగులు వేసి చూసి, తానూ మెచ్చుకున్నాడు.

మొదటి ఏడు తాత పచ్చికర్రతో భరిణ చేశాడు. పెట్టె ఒక కొమ్మలోంచి, మూత ఇంకో కొమ్మలోంచి. ఇనుముకైతే ఏ కడ్డీ అయినా ఒకటేగా. చేసిన రోజు రెండూ అతికినట్టున్నాయి. నవమినాటికి మూత కుంటిపీటలా ఊగింది. రెండో ఏడు కర్ర కదలకుండా ఉండాలని పాత టేకు గుమ్మం ముక్కతో మూత చేశాడు. ఆ నవమికి వాన పట్టి పెట్టె ఉబ్బింది. మూత ఎక్కడమైతే ఎక్కింది గాని మళ్లీ రాలేదు. కొండబాబు ఒకవైపు, తాత ఒకవైపు పట్టుకుని లాగారు. లోపల పసుపుకొమ్ము ఉంది. ఇప్పుడా ఊడని భరిణ ఇంట్లో పసిబిడ్డకు గిలక్కాయ.

“ఒక్క కర్రలోంచే రెండూ తియ్యి బాబూ,” అంది మంగాయమ్మ.

“ఎంత వదులు వదలాలప్పా? పాయింట్ ఒకటా, రెండా?” అని అడిగాడు తాత. అక్కను అప్ప అనడం అక్కడి అలవాటు.

“నాకు పాయింట్లు తెలవవు,” అని ఆవిడ తమలపాకు నోట్లో వేసుకుంది.

ఈసారి తాత ఏడాది ముందునుంచే సిద్ధమయ్యాడు. చీడికాడ వైపునుంచి అంకుడు కర్ర తెప్పించాడు. అంకుడు మెత్తనిది, ఉలికి లొంగుతుంది. జ్యేష్ఠంలో చెయ్యి తిరగడానికని పచ్చి కొమ్మముక్క ఒకటి లేతుకెక్కించి, దాని పైభాగం కోసి మూతగా, కింది భాగం పెట్టెగా తీశాడు. వారం తర్వాత కొలిస్తే అది గుండ్రంగా లేదు. “రిజెక్టు,” అని నీళ్లపొయ్యి దగ్గర పడేశాడు. ఎండిన కర్రతో ఇంకా చాలా చేసి, చివరికి ఒకదాన్ని ఎంచుకున్నాడు. అది అద్దంలా ఉంది. వెర్నియర్ ఎటు పెట్టినా ఒకటే అంకె. కొత్త చెప్పుల పెట్టెల్లో తేమ పీల్చడానికి వేసే చిన్న పొట్లాలుంటాయే, చెప్పుల షాపు కుర్రాణ్ని బతిమాలి అవి ఇరవై తెచ్చి, భరిణతోపాటు ప్లాస్టిక్ కవర్లో కట్టి బీరువాలో పెట్టాడు. నాయనమ్మ చీర తీసుకోవాలన్నా తాత పక్కనుండాల్సిందే.

“పెళ్లిలో కూడా నన్నింత భద్రంగా సూడలేదు మీరు,” అంది నాయనమ్మ.

నవమినాటికి అల్పపీడనం పట్టి మూడురోజులుగా ముసురు. బెల్లం షెడ్డు రేకుల మీద చినుకుల చప్పుడు. అయినా అందరూ ఇంటివాళ్లతో వచ్చారు. లేతులకు బంతిమాలలు వేశారు. ఉలులను పసుపునీళ్లతో కడిగి బొట్లు పెట్టారు. ఆ ఒక్కరోజు మోటార్లకు సెలవు. పాత తరిమెన బయటికి తీసి, కొండబాబు తాడు లాగుతుంటే మంగాయమ్మ కింద కూర్చుని కాలివేళ్లతో ఉలి అదిమిపట్టి ఒక బొంగరం తీసింది. ఎర్రలక్క ముక్క ఆనిస్తే తిరిగే వేడికి అదే కరిగి అంటుకుంది. ఆ బొంగరాన్ని పూజలో పెట్టారు. ఒక మూల పులిహోర గంగాళం, మాడుగుల హల్వా డబ్బా, పిల్లి, మూడూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉన్నాయి.

తాత ఇస్త్రీచొక్కా వేసుకొచ్చాడు. సంచి ఎప్పటిలా కింద పెట్టలేదు. భుజానికే ఉంచుకున్నాడు. ఇంకాసేపట్లో గోడకెక్కేదాన్ని మళ్లీ కింద పెట్టడమెందుకని.

“ఆడపెళ్లివారు బల్ల మీదున్నారు, మగపెళ్లివారు బుట్టలో ఉన్నారు,” అన్నాడు కొండబాబు. “బాబాయ్, మూడో సంబంధం. ఈసారన్నా కుదురుద్దా?”

“నువ్వు చూస్తూ ఉండరా,” అన్నాడు తాత.

పూజ జరిగినంతసేపూ పెట్టెలు బల్లమీద నోళ్లు తెరుచుకుని తేమగాలి పీలుస్తూనే ఉన్నాయి. తాత వంతు వచ్చింది. తువ్వాలు కింద చెయ్యి పెట్టిన క్షణంలో మూత దొరికింది. అంత నున్నని మూత బుట్టలో ఇంకోటి లేదు. పెట్టెకు పెట్టాడు. రెండువైపుల దిగింది, రెండువైపుల నిక్కింది. తిప్పి పెట్టాడు. అంతే. బొటనవేలితో నొక్కాడు.

“బలవంతం సెయ్యకు బాబూ, పగులుద్ది,” అంది మంగాయమ్మ.

తాత చెయ్యి తీసేశాడు. తాత వెళ్లి స్టూలు మీద కూర్చుని సంచి మెల్లగా కిందికి దింపాడు. పిల్లి వచ్చి దానికి ఆనుకుంది.

ఆట ముగిశాక మంగాయమ్మ అందరికీ బొట్టు పెట్టాలి. పూజకు తెచ్చిన కుంకుమ పొట్లం తడిసి ముద్దయిపోయింది. “నాకాడుందప్పా,” అని నాయనమ్మ చేతిసంచిలోంచి ఒక భరిణ తీసి మూత తెరిచింది.

టప్.

చుట్టూ కబుర్లు ఆగిపోయాయి. ఆ షెడ్డులో వాళ్లకు మూత బాగుందో లేదో కళ్లకంటే చెవులే ముందు చెబుతాయి.

“చిన్నతల్లీ, ఇంకోపాలి పెట్టి తియ్యి,” అంది మంగాయమ్మ.

పెట్టింది. తీసింది. టప్.

“ఎవులు సేసేరిది?”

“ఈయనే. పనికిరాదని నీళ్లపొయ్యి కాడ పడీసేరు. బాగానే ఉంది కదాని తెచ్చుకుని కుంకం పోసుకున్నాను. నాలుగు నెల్లయింది.”

“అది రిజెక్టప్పా,” అన్నాడు తాత స్టూలు మీదనుంచే. “గుండ్రం లేదు.”

“ఏదీ, నీ కొలత పెట్టి సూడు.”

తాత లేచి వచ్చాడు. పెట్టె అంచును ఇటు కొలిచాడు, అటు కొలిచాడు. అర మిల్లీమీటరు తేడా. కోడిగుడ్డు వాటం. “చెప్పానా,” అన్నట్టు చూసి, మూత కూడా కొలిచాడు. అదీ కోడిగుడ్డే. తాత కళ్లజోడు సర్దుకున్నాడు. రెండు వంకరవాటి మధ్య ఇంత పొందిక ఎక్కణ్నుంచి వచ్చింది? వెర్నియర్‌ను తుడిచి మళ్లీ కొలిచాడు. అవే అంకెలు. అప్పటికి తాత మొహంలోంచి ఓడిపోయిన కళ పోయి, పాతరోజుల్లో మిల్లు గేర్‌బాక్సు విప్పినప్పటి కళ వచ్చింది.

“ఒసే, మళ్లీ పెట్టు. నెమ్మదిగా పెట్టు.”

నాయనమ్మ పెట్టింది.

“ఆగు. ఎందుకలా తిప్పేవు?”

“నేనేటి తిప్పేను?”

“తిప్పేవు. ఇంకోసారి పెట్టు.”

ఈసారి అందరూ తలలు వంచి చూశారు. పెట్టె పక్కన, కొమ్మ మొలిచిన చోట పడే నల్లమచ్చ ఒకటుంది. కోసినప్పుడు అది సగం మూతకు, సగం పెట్టెకు వచ్చింది. నాయనమ్మ వేళ్లు మూత పెట్టగానే కొంచెం మెలిపెట్టి, సగం మచ్చను సగం మచ్చ మీదికి తెస్తున్నాయి. ఆ సంగతి నాయనమ్మకే తెలియదు.

“అదా,” అంది. “కన్ను మీద కన్ను రాకపోతే మెల్లకన్నులాగుంటాది. సూడ్డానికి బాగోదు.”

తాత ఆ పెట్టెను చేతిలో పెట్టుకుని కింద చెక్కపొట్టులోనే కూర్చుండిపోయాడు, ఇస్త్రీచొక్కాతో సహా. ఒకే కొమ్మ. మూతా పెట్టే రెండూ ఆరాయి, రెండూ వంగాయి, కాని చెట్టుమీద ఎలా నిలబడ్డాయో అలాగే, ఒకే వైపుకు వంగాయి. ఆ వైపు కలిపి పెడితే చాలు. అద్దంలాంటి ఆ భరిణకైతే, కొలత సరిగ్గా రావాలని తాత పెట్టెను నిలువు దుంగలోంచి, మూతను అడ్డపలకలోంచి తీశాడు. వాన రాగానే ఒకటి ఇటు పోయింది, ఇంకోటి అటు పోయింది.

“ఇనుముకి ఎటునుంచి కోసినా ఒకటేనప్పా,” అన్నాడు.

“మూడేళ్లనుంచి ఒక కర్రలోంచే తియ్యమని సెప్తన్నాను.”

“ఎందుకో చెప్పలేదు కదా నువ్వు.”

“నువ్వు ఎందుకని ఎప్పుడడిగేవు? ఎంత, ఎంత అని అడిగేవు.”

కొండబాబు నవ్వు ఆపుకోలేక తరిమెన వెనక్కి వెళ్లాడు. అక్కణ్నుంచే, “మామ్మా, భరిణ బాబాయిదే కదా, కొయ్య ఇచ్చీ,” అన్నాడు.

“బుట్టలో ఎయ్యకుండా ఎలాగిచ్చీమంటావు? పెట్టె వేరు కాబట్టి ఇంకో సాన్సు ఉంది. మూతలన్నీ మళ్లీ బుట్టలో ఎయ్యి.”

తాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. వేళ్లు వెదికాయి. తను చేసిందే. కాని ఆ మూతను తను పట్టుకున్నది జ్యేష్ఠంలో రెండుమూడు రోజులు. ఆ తర్వాత నాలుగు నెలలు దానికి నూనె వేళ్లు, తడివేళ్లు, కుంకుమ వేళ్లు తగిలాయి. ఒక మూత పట్టుకున్నాడు, వదిలాడు, ఇంకోటి పట్టుకున్నాడు. బయటికి తీస్తే అది కొండబాబుది.

“బాబాయ్, నా పిల్లోణ్ని ఎత్తుకుపోతన్నావేటి?” అన్నాడు కొండబాబు. తాత ఆ మూతను తిరిగి బుట్టలో వేసి, జేబులో వెర్నియర్ ఉందో లేదో తడుముకున్నాడు. అది ఎక్కడికి పోతుంది?

“అదేటండీ, మనది అది కాదు,” అంది నాయనమ్మ. పులిహోర గంగాళం దగ్గర పిల్లి ఏం చేస్తోందో చూస్తూ, తువ్వాలు కిందికి చెయ్యి పెట్టి, ఒక మూత తీసి, భరిణకు పెట్టి, చిన్నగా మెలిపెట్టి, పైకెత్తింది. మచ్చ మీద మచ్చ కూర్చుంది. లోపలి కుంకుమతో సహా భరిణ గాల్లో వేలాడింది.

మంగాయమ్మ లెక్కపెట్టడం మరిచిపోయి, తర్వాత గబగబా కాకుండా తీరిగ్గా లెక్కపెట్టింది. “ఒకటి. రెండు. మూడు.”

టప్.

“ఒసే, పిల్లి,” అంది నాయనమ్మ. అందరూ తనవైపే చూస్తున్నారని అప్పుడు గమనించింది.

కాదు, తనవైపు కాదు. తన తల వెనక ఉన్న నీలిరంగు రేకువైపు. డ్రాయింగు మాస్టారు చిన్నగా చదివాడు: “బుట్టలోంచి మూత తీసి పెట్టెకు కలిపిన చేతికే చిలక్కొయ్య.”

చేసింది నేను కదా, అన్నమాట తాత నోటిదాకా వచ్చింది. మూడేళ్లు కింద పెట్టిన సంచి ఆ మాట వెనకే నిలబడి ఉంది. కాని రేకు మీద ఉన్నది తన చేతిరాత. బావమరదులు గాని, మరెవరు గాని వేలు పెట్టడానికి సందు లేకుండా తనే కొలిచి రాసుకున్న వాక్యం. తాత దాన్ని రెండుసార్లు చదివాడు. ఎక్కడా వదులు లేదు.

“రూలు రూలే,” అన్నాడు.

“నాకెందుకండీ కొయ్య?” అంది నాయనమ్మ. “నేను ఉలి పట్టేనా, గిలి పట్టేనా?”

“పెళ్లి సేసేవు కదా, తీసుకో,” అని మంగాయమ్మ లక్క నిగనిగలాడే కొత్త చిలక్కొయ్య తెచ్చి తాత చేతిలో పెట్టింది. ఆ షెడ్డులో అక్షరాలు చక్కగా కాల్చేది తాతే మరి. తాత ఇనపకమ్మి ఎర్రగా కాల్చి, ‘చిన్నతల్లి’ అని రాశాడు. అయిదుసార్లు ఊది, అక్షరాల ఎత్తు కొలిచి, గోడకు దిగ్గొట్టాడు. నాయనమ్మ తన చేతిసంచి దానికి తగిలించి, హల్వా తినడానికి కూర్చుంది.

తర్వాతి ఆదివారం తాత షెడ్డుకు వెళ్లేముందు గుమ్మంలో ఆగాడు.

“ఆ కొయ్య ఖాళీగానే ఉంది కదా. నా సంచి తగిలించుకోనా?”

“తగిలించుకోండి,” అంది నాయనమ్మ. “పప్పుగుత్తి సేసేక.”

మర్నాడు నాయనమ్మ అరిగిన పాతగుత్తితో పప్పు మెదుపుతుంటే తాత వెర్నియర్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. గుత్తి పట్టుకున్న నాయనమ్మ పిడికిలి ఒకవైపు నుంచి కొలిచాడు. ఇంకోవైపు నుంచి కొలవబోయి ఆగిపోయాడు. కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

“ఒసే, గుత్తి నిలువుగా కాకుండా అలా వాల్చి పట్టుకుంటావు. ఎందుకు?”

నాయనమ్మ పొయ్యి తగ్గించి, తాతవైపు ఒక చూపు చూసింది.

“సెప్తాను, కూకోండి,” అంది. “ముందు ఆ ఇనపముక్క నా పప్పులోంచి తియ్యండి.”